సార్కాయిడోసిస్ కారణాన్వేషణ: క్షయ, వలస నేపథ్యంలో పశ్చిమ కర్నూలు మెట్ట ప్రాంతం

వ్యాససంగ్రహం

సార్కాయిడోసిస్‌కు ఇదీ కారణమని ఒక్కదానిని నిర్ధారించడం ఇంతవరకు సాధ్యపడలేదు. జన్యుపరంగా అనువైన వ్యక్తి శరీరం బయటి నుంచి చేరిన ఏదో ఒక పదార్థానికి అతిగా ప్రతిస్పందించడం వల్ల ఈ వ్యాధి కలుగుతుందన్న అవగాహన మాత్రం బలపడింది. ఆ పదార్థమేదో తేల్చడానికి జరిగిన ప్రధాన అధ్యయనాలను ఈ వ్యాసం వివరిస్తుంది. దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో అటువంటి పరిశోధన చేపట్టినప్పుడు క్షయవ్యాధి, వలస అనే రెండు అంశాలు పరిశోధన పద్ధతిని ఏ విధంగా మార్చవలసి వస్తుందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సార్కాయిడోసిస్, గ్రాన్యులోమా, క్షయ, వృత్తిపరమైన ధూళి, క్రిమిసంహారకాలు, సుగ్గి వలస, దేవనకొండ.

1. ఉపోద్ఘాతం

లండన్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ 1869లో ఒక రోగి చేతులపై ఊదారంగు మచ్చలను గమనించి, తరువాతి కాలంలో వాటిని గ్రంథస్థం చేశాడు. సార్కాయిడోసిస్ చరిత్ర సాధారణంగా ఆ రోగితోనే మొదలవుతుంది. 1889లో పారిస్‌లో బెనియే, 1899లో నార్వేలో సీజర్ బోక్ ఇటువంటి చర్మ లక్షణాలనే వర్ణించారు. వ్యాధికి నేటి పేరు బోక్ వాడిన పదం నుంచి వచ్చింది. హచిన్సన్ చూసిన ఆ తొలి రోగి బొగ్గు రేవులో పనిచేసే కూలీ. వృత్తి నమోదైంది కాని, వృత్తికీ వ్యాధికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న గట్టిగా వినిపించడానికి మరో డెబ్బై ఏళ్ళు పట్టింది.

చర్మవ్యాధిగా పరిచయమైన ఇది నిజానికి దేహంలోని ఏ అవయవానికైనా సోకగలదు. ఊపిరితిత్తులు, వాటి మూలంలో ఉండే లింఫు గ్రంథులు ఎక్కువగా దెబ్బతింటాయి. కళ్ళు, చర్మం, కాలేయం, గుండె, నాడులు కూడా దీని పరిధిలోకి వస్తాయి. దగ్గు, ఆయాసం, నీరసం, సన్నని జ్వరం, బరువు తగ్గడం దీని సాధారణ లక్షణాలు. ఈ పట్టికను తెలుగునాట ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చదివి వినిపించినా వచ్చే మొదటి సమాధానం క్షయ. అది తప్పు సమాధానం కాదు. అక్కడి అనుభవం నేర్పిన సమాధానం. అయితే సార్కాయిడోసిస్ కారణాలను ఈ గడ్డపై పరిశోధించదలచిన వారికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

2. గ్రాన్యులోమా ఏర్పడే తీరు

శరీరంలోకి ప్రవేశించిన పదార్థాన్ని రోగనిరోధక వ్యవస్థ నిర్మూలించలేకపోయినప్పుడు, దానిని చుట్టుముట్టి బంధించే ప్రయత్నం చేస్తుంది. మాక్రోఫేజ్ కణాలు ఆ పదార్థపు ముక్కలను తమ ఉపరితలంపై ఉండే హెచ్.ఎల్.ఏ. అణువుల ద్వారా సి.డి.4 రకం టి-కణాలకు చూపుతాయి. ఆ కణాలు విడుదల చేసే సంకేతాలతో మరిన్ని మాక్రోఫేజ్‌లు చేరి, రూపం మార్చుకుని, ఒకదానితో ఒకటి పెనవేసుకుని గట్టి ముద్దగా మారతాయి. ఆ ముద్దే గ్రాన్యులోమా. క్షయలో ఈ ముద్ద నడిభాగం తరచుగా కుళ్ళి జున్నులా మారుతుంది. సార్కాయిడోసిస్‌లో సాధారణంగా అలా జరగదు.

కాబట్టి ఈ వ్యాధి నిర్ధారణకు మూడు విషయాలు కలిసిరావాలి. రోగలక్షణాలు సరిపోవాలి, కణజాల పరీక్షలో కుళ్ళు లేని గ్రాన్యులోమా కనిపించాలి, అటువంటి గ్రాన్యులోమాను కలిగించగల ఇతర వ్యాధులు లేవని తేలాలి. మూడవ నిబంధనలో ఒక తార్కిక విశేషం ఉంది. కారణం తెలిసిన గ్రాన్యులోమా వ్యాధులన్నిటినీ తీసివేయగా మిగిలినదే సార్కాయిడోసిస్. ఏదైనా ఒక కారణం బయటపడిన మరుక్షణం ఆ రోగుల సమూహం ఈ పేరు నుంచి వేరుపడి మరొక పేరు తెచ్చుకుంటుంది. కారణం తెలియని వ్యాధి అన్న వర్ణన కొంతవరకు ఈ నిర్వచనం పుట్టించిన స్థితే.

అమెరికాలోని సేలం పట్టణ ఉదంతం దీనికి చక్కని నిదర్శనం. 1940లలో అక్కడ ఫ్లోరసెంట్ దీపాల కర్మాగారంలో పనిచేసే యువతులు కొందరు తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి బారినపడ్డారు. లక్షణాలు సార్కాయిడోసిస్‌ను పోలి ఉండడంతో దానిని సేలం సార్కాయిడ్ అని పిలిచారు. హారియెట్ హార్డీ అనే వైద్యురాలు ఆ కార్మికులు చేసే పనిని, వాడే పదార్థాలను ఆరా తీసి, దీపాల లోపలి పూతలో ఉన్న బెరీలియం సమ్మేళనాలే ఇందుకు మూలమని 1946లో ప్రచురించిన పత్రంలో సూచించింది. 1949లో దీపాల పరిశ్రమ బెరీలియం వాడకాన్ని మానుకుంది. బెరీలియం ధూళిని పీల్చిన వారందరికీ జబ్బు రాకపోవడానికి హెచ్.ఎల్.ఏ.-డి.పి.బి.1 జన్యువులోని ఒక ప్రత్యేక భేదం ప్రధాన కారణమని 1993లో తేలింది. ధూళి, జన్యువు కలిస్తేనే వ్యాధి అన్న సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఆ రోగుల పని ఏమిటని ఎవరూ అడగకపోయి ఉంటే వారు నేటికీ సార్కాయిడోసిస్ లెక్కలోనే ఉండేవారు.

3. ప్రధాన అధ్యయనాలు ఏమి చెబుతున్నాయి

కారణాన్వేషణలో అతి పెద్ద ప్రయత్నం అమెరికాలో 1990లలో పది వైద్యకేంద్రాలు కలిసి చేపట్టిన యాక్సెస్ అధ్యయనం. ఇందులో 706 మంది రోగులను, వయసు, లింగం, జాతి సరిపోలిన అంతేమంది ఆరోగ్యవంతులతో పోల్చారు. 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం వ్యవసాయ వృత్తిలో ఉన్నవారికి వ్యాధి సంభావ్యతా నిష్పత్తి 1.46. పనిచేసేచోట క్రిమిసంహారకాలకు గురైనవారికి 1.52. బూజు, తేమ ఉన్న పరిసరాలలో పనిచేసినవారికి 1.61. పొగతాగే అలవాటు ఉన్నవారిలో నిష్పత్తి 0.62, అంటే వారిలో వ్యాధి తక్కువగా కనిపించింది. ఈ చివరి అంకెను పొగాకుకు యోగ్యతాపత్రంగా చదవరాదు. పొగ ఊపిరితిత్తులలోని రోగనిరోధక స్పందనను అణచివేయడం దీనికి ఒక వివరణ కావచ్చు.

గమనించవలసినది ఈ నిష్పత్తుల పరిమాణం. ఒకటిన్నర రెట్లన్నది చిన్న సంబంధం. బీడీకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్నంత గట్టి ముడి ఇక్కడ ఏ ఒక్క అంశానికీ లేదు. చిన్న సంబంధాలను పట్టుకోవాలంటే రోగులను సరిగా గుర్తించడం, వారు దేనికి గురయ్యారో సరిగా నమోదు చేయడం రెండూ కచ్చితంగా ఉండాలి. ఏ ఒక్కదానిలో పొరపాటు జరిగినా 1.5 అన్న అంకె 1 దగ్గరికి జారిపోతుంది, ఏ సంబంధమూ లేదన్న ముగింపు వస్తుంది.

గ్రామీణ జీవనానికి సంబంధించి దక్షిణ కరొలైనాలో 2001లో ప్రచురితమైన మరో అధ్యయనం కట్టెల పొయ్యి, పొలంలో నివాసం లేదా పని, సొంత నీటివనరు వాడకం వంటి అంశాలకు వ్యాధితో సంబంధం చూపింది. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11న జంట భవనాలు కూలిన తరువాత ఆ ధూళిలో పనిచేసిన అగ్నిమాపక సిబ్బందిలో మొదటి ఏడాది సార్కాయిడోసిస్ లక్షకు 86గా నమోదైంది. అంతకు ముందరి పదిహేనేళ్ళ సగటు 15. స్వీడన్ ఇనుప పోత కర్మాగారాల కార్మికులలో సిలికా ధూళిని అధికంగా పీల్చినవారికి ముప్పు పెరిగినట్లు 2017లో వెల్లడైంది. బ్రిటన్ సమీపంలోని మాన్ దీవిలో 1987 నాటి పరిశీలన వేరే దిశను సూచించింది. అక్కడి రోగులలో సుమారు 40 శాతం మందికి అదివరకే ఈ వ్యాధి ఉన్న మరొకరితో పరిచయం ఉండగా, ఇతరులలో అది ఒకటి రెండు శాతమే. ఒకరి నుంచి ఒకరికి పాకేదేదో ఉందన్న అనుమానం దీనితో బలపడింది.

సూక్ష్మజీవుల వైపు సాగిన వెదుకులాటలో జపాన్ పరిశోధకులు మొటిమలకు కారణమయ్యే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్‌ను అనుమానించారు. 1978లోనే రోగుల లింఫు గ్రంథుల నుంచి దానిని వారు సాగుచేయగలిగారు. ఇతర దేశాలలో దృష్టి ప్రధానంగా మైకోబ్యాక్టీరియాపై నిలిచింది.

4. క్షయ నీడలో సార్కాయిడోసిస్

మైకోబ్యాక్టీరియా అంటే క్షయ క్రిమి కుటుంబం. ఛండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థకు చెందిన ధీరజ్ గుప్తా బృందం 2007లో 31 అధ్యయనాలను కలిపి విశ్లేషించి, సార్కాయిడోసిస్ రోగుల నమూనాలలో సుమారు 26 శాతంలో మైకోబ్యాక్టీరియా జన్యుపదార్థం కనిపించినట్లు తేల్చింది. రోగం లేనివారితో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. జన్యుపదార్థం ఉన్నంత మాత్రాన బతికిన క్రిమి ఉన్నట్లు కాదు. ఎప్పుడో వచ్చిపోయిన క్రిమి అవశేషాలకు శరీరం ఇంకా స్పందిస్తూ ఉండవచ్చు. ఈ ఊహను పరీక్షించడానికి అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో దీర్ఘకాలిక సార్కాయిడోసిస్ రోగులకు మైకోబ్యాక్టీరియాపై పనిచేసే మందులు ఇచ్చి చూశారు. 2021లో వెలువడిన ఫలితాలలో ఊపిరితిత్తుల సామర్థ్యం మెరుగుపడలేదు.

ప్రపంచ క్షయ రోగులలో సుమారు నాలుగోవంతు భారతదేశంలో ఉన్నారు. ఇటువంటి దేశంలో ఈ చర్చ ప్రయోగశాల దాటి వైద్యుని బల్లమీదికి వస్తుంది. ఛాతీ ఎక్స్-రేలో గ్రంథులు ఉబ్బి కనిపించిన రోగికి కఫంలో క్రిమి దొరకకపోయినా క్షయ మందులు మొదలుపెట్టడం తరచుగా జరిగే పని. రోగికి నిజంగా క్షయ ఉండి, సార్కాయిడోసిస్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే క్షయ విజృంభిస్తుంది. కనుక వైద్యుని జాగ్రత్త క్షయ వైపే మొగ్గడం సహజం. పరిశోధనకు దీనివల్ల కలిగే నష్టం మాత్రం తేలికగా కనిపించదు.

సార్కాయిడోసిస్ సోకినవారిలో చాలామందికి, ముఖ్యంగా తొలిదశలో, మందులేవీ లేకుండానే వ్యాధి తగ్గుతుంది. అటువంటి రోగి ఆరు నెలలు క్షయ మందులు మింగితే ఆ ఆరు నెలలలో జబ్బు తనంతట తాను తగ్గుతుంది. రికార్డులో మాత్రం క్షయ నయమైనట్లు నమోదవుతుంది. తప్పు నిర్ధారణ తనను తానే రుజువు చేసుకుంటుంది. ఆ రోగిని తిరిగి ప్రశ్నించే అవసరం ఎవరికీ రాదు. మందులకు లొంగని మొండి కేసులు మాత్రమే కర్నూలు సర్వజన వైద్యశాలకో, హైదరాబాదుకో చేరి సార్కాయిడోసిస్‌గా తేలుతాయి. అంటే ఆసుపత్రులలో లెక్కకు వచ్చే రోగులు వ్యాధి మొత్తానికి ప్రతినిధులు కారు. తీవ్రంగా, దీర్ఘంగా బాధపడిన భాగానికే ప్రతినిధులు. వారిలో కనిపించిన ముప్పు కారకాలు వ్యాధి రావడానికి కారణాలో, ముదరడానికి కారణాలో విడదీయడం కష్టం.

దీనికి పాలనాపరమైన పార్శ్వం కూడా ఉంది. 2012 మే నెల నుంచి దేశంలో క్షయ రోగిని ప్రభుత్వానికి తెలియజేయడం వైద్యులందరికీ తప్పనిసరి అయింది. నిక్షయ్ వ్యవస్థలో రోగి వివరాలు చేరతాయి. సార్కాయిడోసిస్‌కు అటువంటి నిబంధన లేదు. లెక్కపెట్టే యంత్రాంగం ఉన్న జబ్బు లెక్కల్లో పెరుగుతుంది. ఆ యంత్రాంగం లేనిది అరుదైన జబ్బుగా పేరు తెచ్చుకుంటుంది.

రెంటినీ వేరుచేసే సాధనాలు లేకపోలేదు. సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు క్రిమి జన్యుపదార్థాన్ని గంటల్లో గుర్తిస్తాయి. శ్వాసనాళం గుండా గొట్టం పంపి, అల్ట్రాసౌండ్ సాయంతో గ్రంథి నుంచి ముక్క తీయవచ్చు. వీటికంటే చౌకైన మాంటూ పరీక్షకు కూడా ఇక్కడ ప్రత్యేక విలువ ఉంది. క్షయ క్రిమి తాకిడి విస్తృతంగా ఉన్న సమాజంలో పెద్దవారికి మాంటూ పరీక్షలో చర్మం ఏమాత్రం ఉబ్బకపోవడం సార్కాయిడోసిస్ వైపు చూపే ఆధారం. స్వీడన్‌లో అంతగా పనికిరాని ఈ ఆధారం దేవనకొండలో పనికివస్తుంది.

5. వృత్తి గడిలో ఇమడని జీవితం

దేవనకొండ వర్షాధార మెట్ట మండలం. వేరుశనగ, పత్తి, ఆముదం, ఉల్లి, టమాటా ఇక్కడి పంటలు. ఆదోని పత్తి మార్కెట్‌కూ జిన్నింగు మిల్లులకూ పేరుపొందింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ పట్టణాన్ని మగ్గాల ఊరిగా నిలబెట్టింది. యాక్సెస్ అధ్యయనం ఎత్తిచూపిన అంశాలలో వ్యవసాయం, క్రిమిసంహారకం, బూజు మూడూ ఈ ప్రాంతపు రోజువారీ జీవితంలో భాగాలే. పత్తిచేలో మందు కొట్టడం, తడిసి బూజుపట్టిన వేరుశనగ కట్టెను వామి వేయడం, కట్టెల పొయ్యిమీద వండడం ఒకే మనిషి ఒకే ఏడాదిలో చేసే పనులు.

అయితే పోలిక ఉన్నంత మాత్రాన ఫలితం దిగుమతి కాదు. అమెరికా రైతు ట్రాక్టరు మీద కూర్చుని మందు చల్లితే, ఇక్కడి కూలీ వీపున స్ప్రేయరు మోస్తూ, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని చల్లుతాడు. అక్కడ ధూళి కొలత వేరు, ఇక్కడ వేరు. పైగా ఇక్కడి ధూళులకు సొంత జబ్బులున్నాయి. పత్తి ధూళి బిస్సినోసిస్ అనే ఆయాసపు జబ్బును కలిగిస్తుంది. బూజు పీల్చడం వల్ల రైతు ఊపిరితిత్తి అనే, గ్రాన్యులోమాలు ఏర్పడే వేరొక వ్యాధి వస్తుంది. రాతిధూళిలోని సిలికా వల్ల వచ్చే సిలికోసిస్ లింఫు గ్రంథులను కూడా ఉబ్బిస్తుంది, క్షయ వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. క్రషర్‌లో పనిచేసిన కూలీ ఎక్స్-రేలో ఒకే నీడకు నాలుగు పేర్లు పెట్టే వీలుంది. సిలికాకూ సార్కాయిడోసిస్‌కూ ఉన్న సంబంధాన్ని ఇక్కడ కొలవాలంటే సిలికాకూ క్షయకూ ఉన్న సంబంధాన్ని ముందుగా విడదీయాలి.

2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అటవీ ప్రాంతంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదనపై పరిసర గ్రామాలు ఆందోళనకు దిగాయి. సార్కాయిడోసిస్ ముప్పు కారకాలపై పైన చెప్పిన ప్రధాన అధ్యయనాలలో యురేనియం ప్రస్తావన లేదు కనుక దానిని ఈ చర్చలోకి లాగడం సరికాదు. భూమిని తవ్వే ఏ పని మొదలైనా అంతకుముందరి ఆరోగ్య స్థితి నమోదై ఉండాలన్నది మాత్రం న్యూయార్క్ అనుభవం నేర్పుతున్నది. అగ్నిమాపక శాఖ వద్ద పదిహేనేళ్ళ పాత లెక్క ఉండబట్టే 15 అన్న అంకె 86 అయిందని చెప్పగలిగారు.

ఇక అసలైన చిక్కు వలస. ముంగారి పంట చేతికి రాకనో, వచ్చినా అప్పు తీరకనో పశ్చిమ కర్నూలు పల్లెలు సుగ్గికి కదులుతాయి. కొందరు గుంటూరు మిరప కోతలకు, కొందరు తెలంగాణ పత్తిచేలకు, మరికొందరు బెంగుళూరు భవన నిర్మాణ పనులకు పోతారు. ఒక మహిళ ఒక ఏడాదిలో సొంత చేను కలుపు, ఊరిలో పత్తితీత, గుంటూరులో మిరపకాయల ఘాటు, బెంగుళూరులో సిమెంటు ఇసుక, అన్నిటినీ చవిచూస్తుంది. ఆసుపత్రి చీటీలో ఆమె వృత్తి 'కూలి'. నివాసం దేవనకొండ. ఈ రెండు మాటలనుంచి ఏ గణాంక పద్ధతీ ఆమె పీల్చిన ధూళిని వెలికితీయలేదు.

పాశ్చాత్య ప్రశ్నావళి ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఏ ఉద్యోగం చేశారని అడుగుతుంది. ఏటా నాలుగు పనులు మారే జీవితానికి ఆ ప్రశ్న కొలబద్ద కాదు. ఇక్కడ ముంగారి, హింగారి, సుగ్గి అన్న క్రమంలో అడగాలి. ఏ ఏడాదో గుర్తుచేయడానికి 2009 అక్టోబరు వరదలు, పెద్దబిడ్డ పెళ్ళి, బోరు ఎండిన ఏడు వంటివి ఆనవాళ్ళుగా వాడాలి. మందు పేరు అడిగితే జవాబు రాదు. డబ్బా రంగు, వాసన, దుకాణం, పంట అడిగితే వస్తుంది. వైద్యశాస్త్ర పరిశోధనలో భాషాశాస్త్ర, మానవశాస్త్ర పరిశోధకుల పాత్ర మొదలయ్యేది ఈ దశలోనే.

6. కుటుంబం, జన్యువు

రోగి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు వ్యాధి వచ్చే సంభావ్యత 5.8 రెట్లని యాక్సెస్ బృందం 2001లో లెక్కగట్టింది. స్వీడన్‌లో 2018 నాటి అధ్యయనం వ్యాధిలో వంశపారంపర్య భాగాన్ని 39 శాతంగా అంచనా వేసింది. 2005లో జర్మన్ పరిశోధకులు బి.టి.ఎన్.ఎల్.2 జన్యువులోని ఒక భేదాన్ని గుర్తించారు.

రాయలసీమలో మేనరికాలు ఎక్కువ కనుక ఈ వ్యాధి కూడా ఎక్కువ కావాలన్న తొందరపాటు తీర్మానం ఇక్కడ కుదరదు. మేనరికం ప్రధానంగా ఒకే జన్యువు లోపంతో, తల్లిదండ్రులిద్దరి నుంచి వస్తేనే బయటపడే వ్యాధులను పెంచుతుంది. ఆర్యవైశ్యులలో ఒక ఎంజైము లోపం వల్ల శస్త్రచికిత్సలో మత్తుతో పాటు ఇచ్చే కండర సడలింపు మందు ప్రభావం ప్రమాదకరంగా పొడిగిపోవడం, బయటివారిని పెళ్ళాడని సమూహాలలో అటువంటి లోపం నిలిచిపోవడానికి ప్రసిద్ధ ఉదాహరణ. సార్కాయిడోసిస్‌లో చాలా జన్యువులు తలా కొంచెం పాత్ర వహిస్తాయి. అదీకాక ఒకే ఇంటివారు ఒకే పొయ్యి పొగను, ఒకే సుగ్గి ధూళిని, ఒకే క్షయ రోగి దగ్గునూ పంచుకుంటారు. ఇంట్లో ఇద్దరికి ఒకే జబ్బు రావడం రక్తసంబంధం వల్లనా, గాలి సంబంధం వల్లనా అన్నది తేల్చడానికి రక్తసంబంధం లేని కోడలిని, విడిగా కాపురముండే అన్నదమ్ముని కూడా పరీక్షించవలసి ఉంటుంది.

7. అధ్యయన రూపకల్పన

స్వీడన్‌లో ఏటా లక్షకు పదకొండు మందికి పైగా కొత్త రోగులు తేలుతున్నారు. జపాన్‌లో ఆ సంఖ్య లక్షకు సుమారు ఒకటి. ఎక్కువ అంచనానే తీసుకున్నా అరవై వేల జనాభా గల మండలంలో ఏటా ఆరేడుగురికి మించరు. కనుక మండలాన్ని కాక ఆసుపత్రులను పునాదిగా తీసుకోవాలి. ఆదోని ప్రాంతపు రోగులు కర్నూలుకు ఎంతమంది వెళతారో, హద్దు దాటి బళ్ళారికి, రాయచూరుకు కూడా వెళతారు. ఒక రాష్ట్రపు రికార్డులతో ఈ ప్రాంతపు లెక్క తేలదు.

పోలిక కోసం ఎంచుకునేవారు ఒక వర్గం సరిపోరు. కఫ పరీక్షలో క్రిమి రుజువైన క్షయ రోగులతో పోల్చినప్పుడు ఈ రెండు జబ్బులలో దేనికి ప్రత్యేకమైన కారకం ఏదో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇరుగుపొరుగువారితో పోల్చినప్పుడు జబ్బు రావడానికి దారితీసినదేదో తెలుస్తుంది. క్షయ మందులు పూర్తిచేసి, క్రిమి ఎన్నడూ రుజువుకాని పాత రోగులను తిరిగి పిలిచి చూడడం మూడవ పని. సార్కాయిడోసిస్ దాగి ఉండే చోటు బహుశా అదే.

ఇరుగుపొరుగువారిని ఎంచుకునే కాలం విషయంలో జాగ్రత్త అవసరం. విశ్వవిద్యాలయ క్షేత్రపర్యటనలు సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలలలో జరుగుతాయి. ఆ నెలలలో సుగ్గికి వెళ్ళే పల్లెల్లో తలుపులకు తాళాలు ఉంటాయి, అరుగుల మీద ముసలివారు ఉంటారు. అప్పుడు దొరికేవారు వలస పోని కొద్దిమంది. వారు ఆ ధూళిని పీల్చనివారు. వారితో పోలిస్తే వలస పోయే ప్రతి రోగికీ సిమెంటు, మిరప, పత్తి అన్నీ ముప్పు కారకాలుగానే తేలుతాయి. మొదటి ముంగారి జల్లుకు ఊరు తిరిగి నిండే జూన్ నెలలోనే జాబితా రాసుకోవాలి.